దయచేసి మా పాప గెలుపును లక్కు అనకండి

నిన్న తిరుపతిలో ఓపెన్ చెస్ టోర్నమెంట్. చిత్తూరులో చీకటితోనే బస్సెక్కి వచ్చాం. నాలుగో రౌండ్‌లో పదకొండేళ్ల మా పాప, రేటింగ్‌లో తనకన్నా ఎంతో పైనున్న డిగ్రీ కుర్రాడిని ఓడించింది. కల్యాణ మండపం మెట్ల మీద ఉన్న పెద్దవాళ్లలో ముగ్గురు నలుగురు ఒకటే మాట: "లక్కీగా తగిలిందిలే." వాళ్లలో ఒక కోచ్ కూడా ఉన్నారు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

పాప స్కోర్ షీట్ కార్బన్ కాపీ నా ముందుంది. నీలం అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి, కానీ ఎత్తులన్నీ చదవొచ్చు. అప్పటికి పాప ఒక బంటు వెనకబడి ఉంది. (బోర్డు మీద నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డు వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు. గడి పేరు ఆ రెండూ కలిపి.) తన క్వీన్ బీ3లో, గుర్రం జీ5లో. అవతలి రాజు హెచ్8 మూలలో, ముందు రెండు బంట్లు. ఆ అబ్బాయి ఎఫ్8లోని ఏనుగును ఖాళీగా ఉన్న డీ ఫైల్‌లోకి, అంటే డీ నిలువు వరుసలోకి, డీ8కి జరిపాడు. పాప గుర్రాన్ని ఎఫ్7లో దించి చెక్ చెప్పింది. రాజు జీ8కి జరిగాడు.

లక్కు అన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ గుర్రానికి డీ8లోని ఏనుగు అప్పనంగా దొరుకుతోంది. అదృష్టం మీద ఆడే పిల్లయితే టక్కున కొట్టేసి సంబరపడేది. పాప దాన్ని ముట్టుకోలేదు. గుర్రాన్ని హెచ్6కి తీసుకెళ్లింది. గుర్రం నుంచి ఒక చెక్, వెనకున్న క్వీన్ నుంచి ఇంకో చెక్. డబుల్ చెక్‌కు అడ్డం పెట్టడం కుదరదు, రాజు కదలాల్సిందే. మళ్లీ హెచ్8కి వెళ్లాడు. అప్పుడు పాప తన క్వీన్‌ను తీసుకెళ్లి జీ8లో, రాజు పక్కనే పెట్టింది. గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు కొట్టలేడు. ఏనుగుతో కొట్టక తప్పదు. కొట్టాడు. గుర్రం మళ్లీ ఎఫ్7కి. రాజుకు కదిలే చోటే లేదు, చుట్టూ సొంతవాళ్లే. మేట్.

పాప వదిలేసిన ఆ ఏనుగే చివరికి రాజు దారి మూసింది. ముందే చూడకపోతే దాన్ని ఎందుకు వదులుతుంది?

ఇది స్మదర్డ్ మేట్, అంటే సొంత పావులే చుట్టుముట్టిన రాజుకు గుర్రంతో పెట్టే మేట్. 1497లో స్పెయిన్‌లో లూసేనా అనే ఆయన అచ్చు వేయించిన చెస్ పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో చూసి నేర్చుకోవచ్చు, నిజమే. కానీ టెన్షన్‌లో, గడియారం నడుస్తుండగా, అది ఇప్పుడు ఈ బోర్డు మీద ఉందని పట్టుకోవడం వేరు. అందుకోసం పాప రోజూ స్కూలు నుంచి రాగానే గంటసేపు పజిల్స్ చేస్తుంది. జ్వరమొచ్చిన రోజు కూడా పడుకునే చేసింది, నేను వద్దన్నా వినలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అదే హాల్లో ఒక మగపిల్లాడు ఏనుగును బలిచ్చి గెలిస్తే "ఏం బుర్రరా వాడిది" అన్నారు. కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) టైటిల్ కొట్టింది. ఆమె పుట్టిన నేల మీద నిలబడి ఇంకా ఆడపిల్ల గెలుపును లక్కు అంటున్నామంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ఆ మాట అననిది ఓడిపోయిన అబ్బాయి ఒక్కడే. షేక్‌హ్యాండ్ ఇచ్చి, సంతకాలయ్యాక పాపను బయటికి పిలిచి, మెట్ల పక్కన బోర్డు పరిచి పావులు పేర్చాడు. "ఎప్పుడు చూశావు పాపా?"

"నువ్వు ఏనుగును డీ8కి పెట్టినప్పుడే అన్నా."

అతను ఏనుగును మళ్లీ ఎఫ్8లో పెట్టాడు. "ఇక్కడే ఉంచి ఉంటే?"

"గుర్రం వచ్చేది కాదన్నా. ఏనుగు కొట్టేస్తుంది కదా."