హృదయాకారంలో వంటమేస్త్రి

పాత వీడియో క్యాసెట్లని సీడీ చేసే విద్యలో మన శ్రీకాకుళం ఎంత ముందుకెళ్లిపోయిందో బయటి ప్రపంచానికి ఇంకా తెలియలేదు. ఏడు రోడ్ల కూడలికి కాస్త దూరంలోనే ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది: 'మీ పెళ్లి క్యాసెట్ 4కే క్వాలిటీలో'. ఆ పాత క్యాసెట్లలో ఉండే వీహెచ్‌ఎస్ టేపు మోయగలిగే వివరమే సుమారు 240 లైన్లు. 4కే బొమ్మకి అడ్డంగా 3840 చుక్కలు కావాలి. మిగతా చుక్కలు ఎక్కడినుంచి వస్తాయని అడగడం మర్యాద కాదు. అరసవల్లిలో సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి ఉండగా వెలుగుకేం లోటు?

ఆ షాపులో క్యాసెట్లు తిప్పే వీసీఆర్‌కి పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. పెట్టాలి కూడా. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో తయారీ ఆపేశాక ప్రపంచంలో కొత్త వీసీఆర్ అనేదే పుట్టలేదు. అందుచేత ఉన్నవాటిని పూజించడంలో నాకే అభ్యంతరమూ లేదు. కాకపోతే నూట ఎనభై నిమిషాల టేపు ఎక్కించాలంటే ఎవరి డెక్కులోనైనా ఆ నూట ఎనభై నిమిషాలూ తిరగాల్సిందే, దానికి అడ్డదారి లేదు. ఆ కుర్రాడు మాత్రం "టీ తాగి రండి మేస్టారూ, అయిపోద్ది" అన్నాడు. అయిపోయింది. మూడు గంటల పెళ్లి నలభై నిమిషాల్లో ముగిసింది. పంతుళ్లు నేర్చుకోవాలి.

1993లో జరిగిన మా మేనత్త పెళ్లి అది. సీడీ పెట్టగానే అందరూ లావైపోయి కనిపించారు. పాత టీవీ బొమ్మ నాలుగుకి మూడు కొలతలో ఉంటుంది. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీకి సాగదీశారు. ఈనుప్పుల్లలా ఉండే పెళ్లికొడుకు పీటల నిండా కూర్చున్నాడు. సరే, అల్లుడు పుష్టిగా ఉంటే అత్తవారికే మంచిపేరు.

అసలు కళాఖండం భోజనాల దగ్గర. వంకాయ కూర చాలలేదని మా రెండో మావయ్య, వంటమేస్త్రి గొడవపడ్డారు. మిక్సింగ్ చేసిన మహానుభావుడికి అందులో ఏ ప్రేమ కనిపించిందో! తెరమీద ఎర్రటి హృదయం విచ్చుకుంది. లోపల మావయ్య, వంటమేస్త్రి. పైనుంచి గులాబీ రేకులు. వంటమేస్త్రి గరిటె ఎత్తాడు, స్లో మోషన్‌లో. వెనక యుగళగీతం. హృదయం మూసుకుని తామరపువ్వు విచ్చుకుంది. అందులోనూ వాళ్లే. తర్వాత మంచుకొండలొచ్చాయి. ఆ చలిలో చొక్కా లేకుండా వంటమేస్త్రి, చేతిలో అదే గరిటె. ఇంతలో తెర నాలుగు ముక్కలైంది. నలుగురు మావయ్యలు, నాలుగు గరిటెలు, కింద బంగారు అక్షరాల్లో 'మధుర క్షణాలు'.

పెళ్లికూతురు ఏమైందంటారా? మంగళసూత్రం కట్టే సమయానికి తెరకి అడ్డంగా రెండు హంసలు వెళ్లాయి. అవి దాటేసరికి అక్షింతలు పడుతున్నాయి. ఈ సీడీ సాక్ష్యంగా పెడితే మా మేనత్తకి పెళ్లయినట్టు ఏ కోర్టూ ఒప్పుకోదు.

హంసల్ని క్షమిస్తాను. మంచుకొండల్నీ క్షమిస్తాను. పాటని క్షమించను.

ఆ టేపు వెడల్పే అరంగుళం. దాని అంచున మిల్లీమీటరు మేర శబ్దం ఉంటుంది. ఆ మిల్లీమీటరులో మా నాయనమ్మ ఉంది. విస్తర్ల మధ్య తిరుగుతూ "ఏటిరా, నువ్వు తిన్నావేటి? తినకుండా తిరగతన్నావు" అని ఎవరినో కేకలేస్తుంది. ఆవిడ ఫొటోలు ఇంట్లో ఉన్నాయి, గొంతు మాత్రం ఇక్కడ తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ గొంతు తీసేసి, ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరికే పాట పెట్టాడు. ఎందుకు తీశావయ్యా అంటే, "అంతా గోల మేస్టారూ, క్లీన్ చేశాం" అన్నాడు.

గోలా? పెళ్లంటే గోల కాక మరేమిటి? పెళ్లికొచ్చిన సగంమంది ఇప్పుడు లేరు. వాళ్ల దగ్గులు, నవ్వులు, 'కూర ఇటు తేండి' అన్న అరుపులు, ఆ గోల కోసం కాకపోతే తుపాన్లలోనూ బీరువాలో గుడ్డలు చుట్టి దాన్నెందుకు కాపాడుకుంటాం? నీ హంసల కోసమా? డబ్బు తీసుకుని మనిషి గొంతు నొక్కేసే హక్కు నీకెవడిచ్చాడు?

అదృష్టం కొద్దీ టేపు ఇంకా బతికే ఉంది. "ఇంకెందుకు, పారేయండి" అని అతనిచ్చిన సలహా పాటించలేదు. తెల్ల బూజు కొంచెం పట్టింది కానీ తిరుగుతుంది. మళ్లీ తీసుకెళ్లాను. ఏదీ కొయ్యొద్దు, సాగదీయొద్దు, ఏ పువ్వూ పెట్టొద్దు, మూడు గంటలూ దాని సొంత శబ్దంతో ఎలా ఉంది అలాగే ఎక్కించమన్నాను. సీడీ కూడా వద్దు, ఇప్పటి లాప్‌టాప్‌లకి అది దూర్చే సందే లేదు, పెన్‌డ్రైవ్‌లో వెయ్యి అన్నాను.

అతను చాలాసేపు ఆలోచించాడు.

"ఏమీ చెయ్యకుండా అంటే ఎక్స్‌ట్రా అవుద్ది, మేస్టారూ."