ముగింపు తెలిస్తే చాలు, మధ్యలో ఖాళీ ఉండనివ్వండి
ప్రతి అధ్యాయంలో ఏం జరగాలో ముందే వివరంగా రాసుకోకపోతే నవల సగంలో ఆగిపోతుందని, నవల రాయడం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో అన్నారు. నేను ఒప్పుకోలేను. నేను చూసినంతవరకు నవల ఆగిపోయేది ముఖ్యపాత్రకు ఏం కావాలో రచయితకే తేలనప్పుడు. అది తేలకపోతే ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా కథ కదలదు. కథ ఎక్కడ మొదలవుతుంది, వెనక్కి తిరగలేని మలుపు ఏది, చివరికి ముఖ్యపాత్ర ఏం పోగొట్టుకుంటుంది, ఇంతవరకే నేను రాసి పెట్టుకుంటాను. మిగతాది ఖాళీ. ఒక నవలలో ఏదో రెండు సన్నివేశాల కోసం తెచ్చిన మేనత్త పాత్ర మాట్లాడటం మొదలుపెట్టాక, ఆ ఇంటి రహస్యం ఆమెకు మొదటినుంచీ తెలుసని నాకే అప్పుడు అర్థమైంది. రెండో సగమంతా ఆమె మీదే నడిచింది. గట్టి ప్లాన్ ఉండి ఉంటే ఆమెను అక్కడికక్కడే ఆపేసేదాన్ని. ఇంగ్లిష్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ నెలనెలా భాగాలుగా రాసిన నవలలకు పెట్టుకున్న నోట్సు కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకవైపు అధ్యాయాల వివరాలు, ఇంకోవైపు ఫలానా పాత్రను ఇప్పుడు తేవాలా అని తనకు తానే వేసుకున్న ప్రశ్నలు, వాటికి అవును, వద్దు, ఇప్పుడే కాదు లాంటి జవాబులు. అంత పెద్ద కథలు నడిపిన మనిషి కూడా కొన్ని నిర్ణయాలను రాస్తూ రాస్తూనే తీసుకున్నాడు. డిటెక్టివ్ నవల సంగతి వేరు, ఏ ఆధారం ఎవరికి ఎప్పుడు దొరుకుతుందో ముందే తేల్చుకోవాలి. అక్కడ మాత్రం వ్యాసకర్త మాటే సరైనది.