మూడు నాలుగుల పన్నెండు నా సొత్తు

కర్నూలు పాతబస్తీలో పద్దెనిమిదేళ్లుగా లెక్కల ట్యూషన్ చెబుతున్న నేను, దేశ మేధాసంపత్తికి జరుగుతున్న ఒక ఘోరాన్ని మీ ముందు పెట్టక తప్పడం లేదు.

ఐదుతో ముగిసే సంఖ్యకు వర్గం కట్టే పద్ధతిని నేను కనిపెట్టాను. ఏడో తరగతిలో, మా అయ్యవారు బోర్డు మీద చేసి చూపిస్తుండగా కనిపెట్టాను. ముప్పై ఐదు ముప్పై ఐదులు ఎంత? చివరి ఐదును పక్కన పెట్టండి. మూడు మిగిలింది, దాని పైది నాలుగు. మూడు నాలుగుల పన్నెండు. దాని పక్కన ఇరవై ఐదు తగిలిస్తే 1,225. ఇది చదివేశారు కాబట్టి న్యాయంగా చూస్తే మీరూ నాకు బాకీ పడ్డట్టే.

ఈ మధ్య మా ట్యూషన్ పిల్లాడొకడు ఇంటికెళ్లి దీన్ని తమ్ముడికి చెప్పేశాడు. తమ్ముడు ఫీజు కట్టలేదు. వెంటనే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, అట్ట మీద 'ఉల్లంఘనలు' అని రాసి, మొదటి పేజీలో వాడి పేరెక్కించాను. మూడో తరగతి.

లాయరు గారు ఓపిగ్గానే విన్నారు. 1970 నాటి పేటెంట్ల చట్టం మూడో సెక్షన్‌లో 'కె' క్లాజు గణిత పద్ధతులకు, 'ఎమ్' క్లాజు బుర్రలో చేసే పనుల పద్ధతులకు పేటెంటు లేదంటాయట. "మా ట్యూషన్‌లో ఎవరూ బుర్ర వాడరు సార్, అంతా కంఠతా" అని వాదించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అదే మాట చెన్నై పేటెంట్ ఆఫీసుకు రాయమంటారా?" అన్నారు.

పోనీ కాపీరైటు? నా నోట్సుకు ఉంటుందట, నేను పోయాక కూడా 60 ఏళ్లు. అయితే నా వాక్యాలు ఎత్తి రాస్తేనే నేరం, లెక్కను సొంత మాటల్లో చెప్పుకుంటే కాదు. నోట్సులో ఉన్నదే నాలుగు వాక్యాలు! ట్రేడ్‌మార్కు పేరుకే గానీ పద్ధతికి పనికిరాదు. ఇక రహస్యంగా దాచుకోవాలట. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకున్నట్టు పాఠం చెప్పాలా? పిల్లలతో స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టిద్దామంటే మైనర్ల ఒప్పందం చెల్లదట.

మనసు బాగాలేక ఉల్లిగడ్డల యార్డు వైపు వెళ్లాను. కాటా దగ్గర 45 బస్తాలు, ఒక్కోటి 45 కిలోలు. నేను జేబులో పెన్ను వెతుక్కునేలోపే ముసలి హమాలీ "రెండువేల ఇరవై ఐదు" అనేశాడు. ఒళ్లు మండింది. ఎవరు నేర్పారని నిలదీశాను.

"మా జేజి సార్. ఆమె బడి మొగం గూడ చూడలే."

జేజికి ఎవరు నేర్పారంటే నవ్వి బస్తా ఎత్తుకున్నాడు. పోయినవాళ్ల మీద కేసు నడవదు కాబట్టి వారసుడిగా ఆయన పేరే రాసుకున్నాను. అసలు పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగులోకి దించినప్పుడే ఎవరైనా అడ్డుపడాల్సింది. ఆనాడు ఊరుకోబట్టే లెక్కలు ఇలా ఊరందరి పాలయ్యాయి.

నేను ఊరుకునే రకం కాదు. చట్టం మార్చమని కేంద్రానికి 35 పేజీల వినతిపత్రం టైపు చేయించాను. పేజీకి 35 రూపాయలు. ఎంతయిందని అడిగాను. లాయరు గారి గుమాస్తా కాగితం ముట్టలేదు, కాలిక్యులేటరు తీయలేదు. ఒక్క క్షణం ఫ్యాను వైపు చూశాడు. పెదవులు కదిలాయి.

"పన్నెండు వందల ఇరవై ఐదు సార్."

డబ్బులిచ్చి, సంచిలోంచి నోట్‌బుక్ తీసి, పేరేమిటని అడిగాను.