ఒకే పన్ను బకాయి, రెండు న్యాయాలు

కంపెనీ రుణానికి వ్యక్తిగత హామీ ఇచ్చి చెల్లించలేక చేతులెత్తేసిన ప్రమోటరు ఆస్తులను అమ్మి పంచాల్సి వస్తే, ప్రభుత్వానికి అతడు బాకీపడిన పన్ను వరుసలో నాలుగో స్థానానికి జరుగుతుంది. అరువు బేరాలతో దెబ్బతిని ఐపీ పెట్టిన ఎరువుల వ్యాపారి విషయంలో మాత్రం అదే పన్ను ముందు వరుసలో నిలుస్తుంది. కోర్టు అతడిని రుణవిముక్తుడిగా ప్రకటించాక కూడా వదలదు. ఒకే ఖజానాకు రావలసిన బకాయికి ఈ రెండు న్యాయాలు ఎవరి కోసం?

2016 నాటి దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1న కార్పొరేట్ రుణాల హామీదారులకు మాత్రమే వర్తింపజేశారు. తెలుగు రాష్ట్రాల్లో మిగిలిన వారికి నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. దాని 44వ సెక్షన్ ప్రకారం రుణవిముక్తి ఉత్తర్వు సర్కారు బాకీని రద్దు చేయదు. 61వ సెక్షన్ ప్రభుత్వ, స్థానిక సంస్థల బకాయిలకు పూర్తిగా ప్రాధాన్యమిచ్చి, దివాలా తీసిన వాడి దగ్గర పనిచేసిన గుమాస్తా, కూలీల జీతం బకాయికి మాత్రం తలా 20 రూపాయల వరకే ఆ ప్రాధాన్యాన్ని పరిమితం చేసింది. వలస పాలకులు రాసుకున్న ఆ 20 రూపాయలను స్వతంత్ర భారతం ఇంకా చట్టంలో మోస్తోంది.

కొత్త కోడ్ ఇందుకు పూర్తిగా భిన్నం. రద్దు కాని అప్పుల జాబితాలో కోర్టు జరిమానా, భరణం, విద్యారుణం వంటివి ఉన్నాయి తప్ప పన్ను లేదు. పన్నుకు దక్కే ఆ నాలుగో స్థానం కూడా చివరి రెండేళ్ల బకాయికే. జీఎస్టీ చట్టం 82వ సెక్షన్ పన్ను బకాయిదారు ఆస్తిపై ప్రభుత్వానికి తొలి హక్కు ఇస్తూనే, దివాలా కోడ్‌కు లోబడి అనే మినహాయింపు పెట్టింది. ఆ మినహాయింపు కోడ్ పరిధిలోకి వచ్చిన హామీదారుకు రక్ష. పాత చట్టం కింద ఉన్న చిరువ్యాపారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పన్ను ప్రజాధనమని, దాన్ని మాఫీ చేస్తే నిజాయతీగా కట్టేవారికి అన్యాయం జరుగుతుందని, ఐపీల పేరిట జనాన్ని ముంచేవారు మన జిల్లాల్లో తక్కువేమీ కాదని అనేవారున్నారు. మోసంతో చేసిన అప్పును పాత చట్టమూ వదలదు, కొత్త కోడూ వదలదు. ఇక ప్రజాధనమన్న వాదనే సరైనదైతే, అది హామీదారుల పన్నుకు ఎందుకు వర్తించలేదో ముందు చెప్పాలి. పెద్దవాడికి పన్ను బాకీ నుంచి కూడా తేరుకునే అవకాశమిచ్చి, చిన్నవాడి దగ్గర మాత్రమే ప్రజాధనం గుర్తుకు రావడం కపటత్వం.

పాత చట్టాన్ని రద్దు చేస్తున్నట్టు కోడ్ 243వ సెక్షన్‌లో రాసుకున్న కేంద్రం, ఆ సెక్షన్‌ను అమల్లోకి తేవడమే మరిచింది. వ్యక్తుల దివాలాకు తగిన యంత్రాంగం లేదన్న సాకు ఇన్నేళ్ల తరువాత చెల్లదు. దివాలా ఉమ్మడి జాబితాలోని అంశం కనుక, రాష్ట్రపతి ఆమోదంతో 44, 61 సెక్షన్లను సవరించుకునే వీలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలకూ ఉంది. చిరువ్యాపారుల పేరు చెప్పి ఓట్లడిగిన ప్రభుత్వాలు ఆ పని ఎందుకు చేయలేదో చెప్పాలి. కేంద్రం మిగిలిన వ్యక్తులకు కూడా కోడ్‌ను వెంటనే నోటిఫై చేయాలి. అంతవరకూ పన్ను విషయంలో చట్టం ముందు అందరూ సమానమేనని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.