తప్పు పట్టే దిక్కులేని సబ్జెక్టు

హైదరాబాదు స్కూళ్ళలో ఆరో తరగతి పిల్లలకు మూడో భాషగా ఫ్రెంచి చెబుతుంటే కొందరు మూతి ముడుస్తున్నారు. తెలుగే సరిగ్గా రాని పిల్లలకు ఫ్రెంచి ఎందుకట! తెలంగాణలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టమే చేశారు కదా, ఇంకేం కావాలి వీళ్ళకి? ఫ్రెంచి వల్ల పిల్లలకు ఒరిగేదేమిటో తర్వాత చూసుకోవచ్చు. ఇంటికి కలిగే మనశ్శాంతి సంగతి ముందు మాట్లాడుకోవాలి.

తెలుగు వాచకం తీస్తే ఇంట్లో అందరూ పండితులే. "వత్తు ఏదిరా?" అని తాతగారు, "ల కాదు, ళ" అని నాయనమ్మ. హిందీ అయితే పక్క ఫ్లాటు ఆంటీ పట్టేస్తారు. అదే ఫ్రెంచి పుస్తకం తెరవనివ్వండి, ఇల్లంతా గప్‌చుప్. పిల్లవాడు "జ మాపెల్ కార్తీక్" (నా పేరు కార్తీక్) అన్నాడంటే మురిసిపోవడం తప్ప మనకింకో పని ఉండదు. నిజంగా అలాగే అంటారా అని అడుగుదామన్నా అపార్ట్‌మెంటు మొత్తం మీద తెలిసిన మనిషి లేడు.

ఫ్రెంచివాళ్ళు మనకు కొత్తేమీ కాదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులేసుకుని బొబ్బిలి కోట మీదికి వచ్చాడు. నిజాం కొలువులో సేనలు నడిపిన రేమండ్‌ను జనం మూసా రాముణ్ణి చేసి, మూసారాంబాగ్ అని ఒక పేటకు పేరు పెట్టుకున్నారు. యానాం అయితే 1954 దాకా వాళ్ళ ఏలుబడిలోనే ఉంది. ఇంత జరిగినా యానాం జనం ఇంట్లో మాట్లాడింది తెలుగే. పాండిచ్చేరి నుంచి ఏలిన ఫ్రెంచి గవర్నరు డూప్లే వల్ల కానిది, బుస్సీ వల్ల కానిది, ఇవాళ ఒక ఫీజు రసీదు సాధించింది.

ఒక పిల్లవాడి నోటుపుస్తకం చూశాను. "ఇదేమిటి?" అని అడిగే ఫ్రెంచి వాక్యం నీలం ఇంకుతో గుండ్రంగా రాసి ఉంది. దాని నెత్తిన పెన్సిల్‌తో సన్నగా, మిస్ చూడకుండా, "కెస్ కె సే" అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. రాయాల్సినవి 14 అక్షరాలు, పలికేవి మూడు ముక్కలు. మిగతావన్నీ పెళ్ళిలో దూరపు చుట్టాల్లాంటివి. చేసే పనేమీ ఉండదు, ఒక్కరిని పిలవకపోయినా గొడవే. ఇక్కడ ఆ గొడవ ఖరీదు అర మార్కు.

ఫ్రెంచిలో బల్ల ఆడది, పుస్తకం మగది. ఎందుకని అడగకూడదు, బట్టీ పట్టాలి. బట్టీ మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అంకెల దగ్గరే. మన పిల్లల జీవితాశయం 99 మార్కులు. ఫ్రాన్సులో ఆ అంకె చెప్పాలంటే నాలుగు ఇరవైలు, ఆపైన పది, ఆపైన తొమ్మిది అని కూడుకుంటూ పోవాలి. బెల్జియంలో, స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు తొంభైకి విడిగా ఒక మాట పెట్టుకుని హాయిగా ఉన్నారు. సుఖపడే పద్ధతులు సిలబస్‌లో పెడతారా ఎక్కడైనా?

అన్నిటికంటే ముచ్చటైన పాఠం మర్యాద గురించి. ఫ్రెంచిలో ఎదుటి మనిషిని పిలవడానికి రెండు రకాలున్నాయి, పెద్దవాళ్ళకు ఒకటి, సావాసగాళ్ళకు ఒకటి అని టీచర్ ఇంగ్లిషులో చెబుతుంది. క్లాసంతా నోరెళ్ళబెడుతుంది. తాతగారిని మీరు అని, చెల్లెల్ని నువ్వు అని పొద్దున్నే బస్సెక్కిన పిల్లలే వీళ్ళు! యూరప్ సంస్కృతి ఎంత లోతైనదో అని ఇంటికొచ్చి మనకే చెబుతారు. మనమూ అవునా అంటాం.

పరీక్ష సంగతి చెప్పనక్కర్లేదు. రెండు ఫ్రెంచి చీజ్‌ల పేర్లు రాయమంటే కామెంబేర్, బ్రీ అని రాసేస్తారు. తిన్నావా అని అడిగేవాళ్ళుండరు. పారిస్‌లో ఉన్న స్నేహితుడికి ఉత్తరం రాయమంటే నలభై మందీ ఒకే ఉత్తరం రాస్తారు: నేను బాగున్నాను, ఇక్కడ ఎండగా ఉంది, సెలవుల్లో రా. ఆ స్నేహితుడు ఇప్పటిదాకా ఒక్కదానికీ జవాబివ్వలేదు. వాడికి ఏ స్కూల్లో నేర్పారో!

నిజంగా నేర్చుకోవాలనే పిచ్చి ఉంటే ఫ్రెంచి నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో చేరి, ఫ్రెంచి వచ్చని సర్టిఫికెట్టు ఇచ్చే డెల్ఫ్ పరీక్ష రాసుకోవచ్చు. మొదటి మెట్టు ఏ1. కానీ అందులో మాట్లాడటానికే 25 మార్కులు. ఎదురుగా మనిషి కూర్చుని ప్రశ్నలడుగుతాడు, మనం జవాబు చెప్పాలి. పైగా నూటికి 50 వస్తే పాసట! మన ఇళ్ళలో 50 తెచ్చినవాడికి అన్నం పెట్టరు. అలాంటి పరీక్షకు ఎవరు పంపిస్తారు?

చాలా స్కూళ్ళలో ఎనిమిదో తరగతితో మూడో భాష ముచ్చట తీరిపోతుంది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజీ జాబితాలో ఫ్రెంచి మళ్ళీ ఎదురవుతుంది కానీ, సంస్కృతానికి మార్కులు ఇంకా ధారాళంగా పడతాయని అప్పటికే సీనియర్లు చెప్పి ఉంటారు.