కరువులో పుట్టిన స్టాంపు

పోయిన సంక్రాంతికి అనంతపురం జిల్లాలో మా ఊరికి బయలుదేరే ముందు చిన్నాన్న కొడుకు ఫోన్ చేసినాడు. "అన్నా, ఫోటోల్లో పెడ్తావే, ఆ ప్లాస్టిక్ బాతులు, నోట్లో పెట్టుకోని ఊదే పీక, అవి బ్యాగులో ఏసుకోని రా. శింగనమల చెరువులో నీళ్లుండాయి. బాతులు మందలు మందలు దిగినాయి. మబ్బుతోనే పోయి కూచుందాం, ఎవురూ అడగరు."

టెక్సస్‌లో తొమ్మిదేళ్లుగా బాతుల వేటకు పోతున్నాను, హ్యూస్టన్‌కు పడమర కేటీ ప్రెయిరీ వైపు వరిమళ్లలో. వాడు అట్లా అడగడంలో వాడి తప్పేమీ లేదు. నేను పంపిన ఫోటోలే అట్లాంటివి: గట్టు మీద వరసగా పరిచిన బాతులు, పక్కన తుపాకీ. ఆ ఫోటోల వెనక ఏముందో ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘంలో కొత్తగా వేట నేర్చుకుంటున్న పిల్లలకూ, ఊళ్లో ఉన్న తమ్ముళ్లకూ చెప్పాల్సిన బాధ్యత నాదే.

తెల్లారక ముందే మోకాటి లోతు నీళ్లలో దీమాలు వదులుతాం. దీమం అంటే ఎర పిట్ట, పాత వేటగాళ్ల మాట. ప్రాణమున్న బాతును దీమంగా కట్టడం అమెరికాలో 1935లోనే నిషేధించారు కాబట్టి ఇవన్నీ ప్లాస్టిక్‌వే. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది. అందుకని గాలి మన వీపుకు తగిలేట్టు కూర్చుని, దీమాలను రెండు గుంపులుగా వదిలి, నడుమ నీళ్లు ఖాళీగా ఉంచాలి. వచ్చిన గుంపు ఆ ఖాళీలోకే కాళ్లు చాపుతుంది. దీమం మీద మెరుపుంటే దూరం నుంచే బెదిరిపోతాయి, అందుకే పాతవాటికి నేనే మెరవని రంగు పూసుకుంటాను. తాగిపారేసిన నీళ్ల సీసాలకు నల్లరంగు కొట్టి, తాడుకు వరసగా కట్టి, చివర బరువు వేసి వదిలినా చాలు, దూరానికి బొల్లికోళ్ల (నల్లటి నీటిపిట్టల) మందలాగే కనిపిస్తాయి. బొల్లికోళ్లు నెమ్మదిగా ఉన్నచోట దిగడానికి బాతులకు ధైర్యం. మాటు కూడా కొన్నది కాదు. ఇనుప కడ్డీల చట్రానికి వల చుట్టి, కూర్చునే చోట మొలిచిన గడ్డినే దానికి కప్పుతాను. పక్క పొలం గడ్డి తెచ్చి కప్పితే రంగు తేడా బాతుకు ఇట్టే తెలిసిపోతుంది. మా జేజినాయన జొన్నచేలో మంచె కట్టడం చూసిన చేతులివి, ఆ పని ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు.

తూటాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1991 నుంచి అమెరికా అంతటా బాతుల వేటలో సీసపు గుళ్లు వాడకూడదు. మేత నలిగేందుకు బాతు ఇసుక రాళ్లు మింగుతుంది, బురదలో పడిన సీసపు గుళ్లనూ వాటితోపాటే మింగి విషమెక్కి చస్తుంది. ఒక్క వేటగాడు ఒక్క పొద్దున కాల్చింది ఏళ్ల తరబడి చంపుతూనే ఉంటుందన్నమాట. సీసానికి బదులు వాడే ఉక్కు గుళ్లు తేలిక, త్వరగా వేగం పోతుంది. అందుకని రెండు సైజులు పెద్దవి తీసుకుంటాం. 35 గజాలు దాటితే నేను తుపాకీ ఎత్తను. దెబ్బ తిని గడ్డిలో పడి, కుక్కకు కూడా దొరక్కుండా చచ్చే బాతు ఎవరి లెక్కలోకీ రాదు, నాకు బాధ దానిగురించే. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు. సూదితోక బాతయితే చాలా ఏళ్లు రోజుకు ఒక్కటే అనుమతి ఉండేది. గింజలు చల్లి బాతుల్ని రప్పిస్తే నేరం. వీసా మీద ఉన్న పిల్లలకు ఇంకో మాట: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లేకుండా మీరు తుపాకీ ముట్టుకోవడమే నేరం కావచ్చు. ముందు లాయరును అడగండి.

ఇక స్టాంపు. పదహారేళ్లు నిండిన ప్రతి బాతు వేటగాడూ ఏటా 25 డాలర్లు పెట్టి ఫెడరల్ డక్ స్టాంపు, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం అమ్మే బాతువేట స్టాంపు కొనాలి. డాలరులో 98 సెంట్లు బాతులు బతికే నీటి నేలలను కొనడానికి, కౌలుకు తీసుకోవడానికి పోతాయి. ఇది పుట్టింది 1934లో. అప్పుడు అక్కడ ఘోరమైన కరువు. కుంటలు ఎండిపోయి, మట్టి దుమ్మై లేచిపోతున్న కాలం. జే డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు వన్యప్రాణుల శాఖకు అధిపతిగా వచ్చి, మొదటి స్టాంపు బొమ్మ తనే గీసినాడు, ఒక డాలరు ధర. ఇప్పటిదాకా ఆ డబ్బుతో 60 లక్షల ఎకరాలకు పైగా నీటి నేల నిలబడింది. వేటాడనివాళ్లు కూడా కొంటారు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు అమెరికా తట్టలేదు, అనంతపురమే తట్టింది. కరువును చూసి కుంటను కాపాడాలని అనుకోవాల్సింది మనమే కదా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వానతో బతికే జిల్లావాళ్లం.

తమ్ముడికి ఫోన్లోనే చెప్పేసినాను. "అబ్బీ, అవి తెచ్చేది లేదు. ఎవురూ అడగరని కాదురా, అది జైలు పని." మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఒకప్పుడు లైసెన్సు తీసుకుని బాతుల్ని వేటాడే వీలుండేది, 1991 సవరణతో అదీ పోయింది. చట్టం ఒక్కటే కారణం కాదు. టెక్సస్‌లో నేను కొట్టే బాతు వెనక ఏటేటా లెక్కపెట్టే మనుషులున్నారు, ఆ లెక్కను బట్టే ఎన్ని కొట్టవచ్చో చెప్తారు. శింగనమలలో దిగే సూదితోక బాతు కూడా అదే జాతి. మధ్య ఆసియా, సైబీరియాల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. దాని వెనక ఎవరున్నారు?

ఎవరూ లేరనడం కూడా తప్పే. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను ఊరంతా కాపాడుకుంటుంది. అవి వస్తే వానలొస్తాయని నమ్మకం. టపాకాయలు కూడా కాల్చరు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాయించినారు. అట్లాంటి నేలలో ఈరోజు ఎన్నో చెరువుల లోపల కంపచెట్లు కమ్ముకున్నాయి, తూములు పూడిపోయినాయి, మరవ (అలుగు) పారి ఎన్నేళ్లయిందో ముసలివాళ్లను అడిగితే తప్ప తెలియదు.

మన సంఘంలో సీమవాళ్లం చాలామందిమి ఉన్నాం. వేటాడేవాళ్లు స్టాంపు ఎలాగూ కొంటారు. వేటాడినా, ఆడకపోయినా, ప్రతి ఇల్లూ ఇంకో 25 డాలర్లు ఊరి చెరువు పేరుతో తీసిపెట్టాలని నా ప్రతిపాదన. విదేశీ విరాళాల నమోదు ఉన్న సంస్థ ద్వారానే పంపాలి, దొడ్డిదారి వద్దు. ఆ డబ్బు దేనికి అన్నది ఆయకట్టు రైతులే తేల్చాలి. నా మాట అడిగితే ముందు కంప తీయించమంటాను. కానీ నీళ్లలో నిలిచిన నల్లతుమ్మల జోలికి పోవద్దు, కొంగలు వాటి మీద కూడా గూళ్లు పెడతాయి. పూడిక తీసేటప్పుడు అంచులన్నీ నిలువుగా కోసేయవద్దు, బాతు మేసేది లోతులేని అంచుల్లోనే.

మాటు కట్టే పనితనం కూడా ఊరికి పనికొస్తుంది. పోయిన సంక్రాంతికి నేనూ తమ్ముడూ జొన్నసొప్పతో కట్ట కింద ఒక మాటు కట్టినాం, తుపాకీకి బదులు బైనాక్యులర్ పెట్టుకుని. మా అన్న కూతురు, ఎనిమిదో తరగతి పిల్ల, నోటుపుస్తకం తెచ్చుకుంది. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచీ. మనం పండక్కి ఊళ్లో ఉండేదీ జనవరిలోనే. మొదటి పొద్దున ఆ పిల్ల బొల్లికోళ్ల దగ్గరే మూడుసార్లు లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తమ్ముడు ఆ రెండు గంటలూ ఫోన్ తీయలేదు. ఎండ ఎక్కినాక సూదితోకల గుంపొకటి గాలికి ఎదురు తిరిగి, కాళ్లు చాపి, మాకు ముప్పై గజాల్లో దిగింది. "అన్నా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇవి యాడ్నుంచి వచ్చినాయంటివి?"