సవరణ: డెన్మార్క్ ఆటగాళ్లు 'ఇష్టపడే' ఆడారా?

సహచరుడు కుప్పకూలాక ఆట కొనసాగించాలా వద్దా అని మొన్న రాస్తూ, 2021 జూన్ 12న డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సెన్ మైదానంలో పడిపోయిన ఫిన్లాండ్ మ్యాచ్‌ను ఉదాహరణగా చూపాను. 'డెన్మార్క్ ఆటగాళ్లే ఇష్టపడి మళ్లీ ఆడారు, ఇంకెవరికి అభ్యంతరం?' అన్నాను. ఆ మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

ఇరు జట్ల కోరిక మేరకే ఆట మళ్లీ మొదలుపెట్టామని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ప్రకటించిన మాట నిజమే. నేను అక్కడితో ఆగిపోయాను. ఆటగాళ్ల ముందున్న దారులు రెండే: ఆ రాత్రే ముగించడం, లేదా మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు ఆడటం. రాత్రంతా నిద్రలేకుండా గడిపి మర్నాడు మళ్లీ బస్సెక్కడం కంటే అప్పుడే ముగించేద్దామనుకున్నారు. దాన్ని ఇష్టం అని ఎలా అన్నానో! అసలు ఆ నిర్ణయం ఆటగాళ్ల మీద పెట్టి ఉండాల్సింది కాదని డెన్మార్క్ అప్పటి కోచ్ హ్యుల్మండ్ తర్వాత అన్నాడు.

ఎరిక్సెన్ స్పృహలోకి వచ్చాడని తెలిశాకే వాళ్లు ఒప్పుకున్నారు. అయినా, అతని పక్కన మొదట మోకరిల్లిన కెప్టెన్ కేయర్ రెండో సగం మధ్యలోనే ఆడలేక బయటికి వచ్చేశాడు. ఫిన్లాండ్ 1-0తో గెలిచింది.

ఇంకో పొరపాటు: 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో డమార్ హామ్లిన్ అనే ఆటగాడు పడిపోయిన మ్యాచ్‌ను 'తర్వాత పూర్తిచేశారు' అని రాశాను. పూర్తిచేయలేదు, రద్దు చేశారు. సీజన్ లెక్కలు తారుమారయ్యాయి, అయినా లీగ్ నడిచింది.